రెండు సెకన్ల పట్టు

మార్చి 3, సోమవారం

ఇవాళ ఒక అంకె మార్చాను. మూడు ఉన్నచోట రెండు కొట్టాను. పనంతా అరనిమిషం. దానికి ముందు మీటింగ్ మాత్రం రెండు గంటలు.

మా గేమ్ కంపెనీ నడిపేవాణ్ణి అందరం కెప్టెన్ అంటాం. ఆ పేరు ఎవరు పెట్టారో గానీ, ఓడ లేదన్న మాటే తప్ప మునిగిపోతున్నామని రోజూ చెప్తాడు. ఇవాళ మా గేమ్‌లోని సామాన్లన్నీ బోర్డు మీద రాశాడు. తాళ్ళు ఏడు రకాలు, కొక్కేలు తొమ్మిది, బూట్లు పదకొండు, చేతొడుగులు ఆరు, గొడుగులూ లాంతర్లూ వగైరా ఎనిమిది. మొత్తం నలభై ఒకటి.

"కొండెక్కే పిల్లకి నలభై ఒక్క సామాన్లెందుకండీ? పెళ్ళికి తరలి వెళ్తోందా?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

పద్దెనిమిది తీసేసి విడిగా ఒక ప్యాక్ చేద్దామన్నాడు. డబ్బు కట్టినవాళ్ళు నెట్‌లోంచి దింపుకుంటారు. "అవి లేకుండానే అందరూ పైకి చేరిపోతుంటే ప్యాక్ ఎవడు కొంటాడు? నాలుగో కొండ దగ్గర కాస్త చెమట పట్టాలి" అని నా వైపు చూశాడు.

కష్టం నా శాఖ. ఏ రాయి ఎంత దూరంలో ఉండాలి, పిల్ల ఒక చేత్తో ఎంతసేపు వేలాడగలదు, పడితే ఎక్కణ్ణుంచి మళ్ళీ మొదలెట్టాలి, అన్నీ నేను పెట్టే అంకెలే. పట్టు మూడు సెకన్లుండేది. ఆలోగా తర్వాతి రాయి అందుకోకపోతే జారిపోతుంది. దాన్ని రెండు చేశాను. జిగురు చేతొడుగులు వేసుకుంటే నాలుగు. జిగురు చేతొడుగులు ప్యాక్‌లోకి వెళ్ళిపోయాయి.

అవి అక్క కోసం చేసినవి. అయినా గేమ్ అక్క ఒక్కదాని కోసం కాదు కదా.

మార్చి 4, మంగళవారం

కొత్త వెర్షన్ కింది వాటాలో అక్క కంప్యూటర్లోకి ఎక్కించాను. అక్క ఆరింటికి కళ్ళజోళ్ళ దుకాణం నుంచి వచ్చి, మొహం కడుక్కుని, టీ తాగి, కంట్రోలర్ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటుంది. ఈ ఉద్యోగంలో చేరినప్పటినుంచీ నేను చేసే ప్రతి గేమూ మొదట ఆడేది తనే. రెండేళ్ళ కింద వేళ్ళకి తిమ్మిరి మొదలైనప్పుడు ఇక మానేస్తుందనుకున్నాను. "చీమ తలకాయంత స్క్రూలు బిగిస్తున్నదాన్ని, ఇంత లావు బటన్ నొక్కలేనా?" అంది.

"జిగురు చేతొడుగులు కనపడవేమే?" అని అడిగింది ఇవాళ.

"తీశాం. మళ్ళీ సరిచేసి పెడతాం."

"ఓహో" అంది. నాలుగో కొండ మీద పదకొండు సార్లు పడింది. పడినప్పుడల్లా "అమ్మో" అని తనే నవ్వింది. బావ కుర్చీలోంచి, "మీ అక్క కిందికి దిగడంలో బాగా ఆరితేరింది" అన్నాడు.

ఆఫీసు పుస్తకంలో రాశాను: ఆడుతున్నది స్త్రీ, నలభై మూడేళ్ళు, నాలుగో కొండ దాటలేదు, ఉత్సాహం తగ్గలేదు.

మార్చి 6, గురువారం

ఇంకా దాటలేదు.

మార్చి 8, శనివారం

ఇవాళ దుకాణానికి సెలవు. పొద్దున్నే కూర్చుంది. నేను కిందికి వెళ్ళేసరికి కంట్రోలర్ పక్కన పెట్టి కుడిచేతి వేళ్ళు ఒక్కొక్కటే లాక్కుంటోంది.

"పోయిన నెల దీన్ని దాటేశాను కదే?" అంది.

"దాటావు."

"చేతొడుగులు లేకుండా కూడా ఒకసారి దాటాను. గుర్తుందా? నువ్వు చప్పట్లు కూడా కొట్టావు."

గుర్తుంది.

"అదే రాయి. అదే దూరం. చెయ్యి వేసేలోపే జారిపోతోంది." తెర మీద నుంచి చూపు తిప్పి నన్ను చూసింది. "నువ్వేమైనా మార్చావా?"

"లేదక్కా" అన్నాను.

ఎందుకలా అన్నానో ఇప్పుడు కూర్చుని ఆలోచిస్తున్నాను. ఆడి చూసేవాళ్ళకి మార్పులు చెప్పకూడదని ఆఫీసులో నియమం ఉంది. చెప్తే వాళ్ళ ఆట మారిపోతుంది, మనకి నిజం తెలియదు. అందుకే చెప్పలేదు. నియమం కదా.

అయినా ఆ నియమం నేను ఇంతకుముందు వందసార్లు తప్పాను.

మార్చి 9, ఆదివారం

రేపు చెప్తాను.

మార్చి 10, సోమవారం

ఆఫీసులో మంచి కబురు. బయట ఆడి చూస్తున్న తొమ్మిది మందిలో ఐదుగురు నాలుగో కొండ దగ్గర ఆగిపోయి, ఆ ప్యాక్ ఎప్పుడొస్తుందని అడిగారట. కెప్టెన్ నా బల్ల దగ్గరికొచ్చి, "సరిగ్గా గురి చూసి కొట్టావు" అన్నాడు. ఆఫీసులో పదకొండు మందిమి ఉన్నాం. పోయిన ఏడాది ఇద్దర్ని పంపించేసినప్పుడు ఆయన మెట్ల మీద కూర్చుని ఏడవడం నేను చూశాను. దుర్మార్గుడేం కాడు. నాకూ సంతోషమేసింది. అది కూడా రాసుకోవాలి, నాకు సంతోషమేసింది.

అక్కకి చెప్పలేదు. మంచి మూడ్‌లో ఉంది, ఎందుకులే అనిపించింది.

మార్చి 14, శుక్రవారం

బస్ డిపోకి వెళ్తూ బావ గేటు దగ్గర ఆపాడు.

"మీ అక్కకేమైంది? నిన్న గిన్నెలో పెసలు పోసుకుని, చేత్తో ఒక్కొక్కటే ఏరి ఇంకో గిన్నెలో వేస్తోంది. చేతిగడియారం ఎదురుగా పెట్టుకుని. అడిగితే 'పరీక్ష' అంటుంది. ఈ వయసులో ఏం పరీక్షే బాబూ అంటే పలకదు."

"చేతులకి వ్యాయామం బావా" అన్నాను.

"వ్యాయామమైతే మొహం అలా ఎందుకు పెడుతుంది?"

బస్సు వేళయిందని చల్లగా జారుకున్నాను. బస్సు ఇంకా ఇరవై నిమిషాలుంది.

మార్చి 19, బుధవారం

అక్క ఇవాళ ఆడలేదు. తలనొప్పి అంది.

మార్చి 20, గురువారం

ఇవాళ కూడా లేదు. మంచిదే, కాస్త విశ్రాంతి. ప్యాక్ విడుదలయ్యాక ఒక కాపీ తీసుకొచ్చి ఇస్తాను. చేతొడుగులు వచ్చేస్తాయి, చకచకా ఎక్కేస్తుంది, అసలు గొడవే ఉండదు. ఇది ముందే ఎందుకు తట్టలేదో.

మార్చి 22, శనివారం

ఇవాళ జరిగింది జరిగినట్టు రాయాలి. నాకు అనుకూలంగా రాయకూడదు.

పదకొండింటికి బావ పైకి వచ్చాడు. ఆయన ఎప్పుడూ మెట్ల మీద నుంచే కేకేస్తాడు. ఇవాళ లోపలికొచ్చి కూర్చున్నాడు.

"దుకాణం మానేసింది" అన్నాడు.

"ఎవరు?"

"ఎవరేమిటి, మీ అక్క. నిన్న దుకాణం యజమానికి చెప్పేసి వచ్చిందట. పద్దెనిమిదేళ్ళ ఉద్యోగం. పొద్దున్న టిఫిన్ పెడుతూ ఉప్పు తక్కువైందా అన్నట్టు చెప్పింది నాకు."

"ఎందుకట?"

"చేతులు పోయాయంటుంది. రేపు ఎవరి కళ్ళద్దమో జారవిడిచి పగలగొట్టి మాటపడేకంటే మర్యాదగా తప్పుకోవడం మేలంటుంది. దుకాణంలో ఏమైనా పగిలిందా అంటే లేదు. డాక్టరేమైనా అన్నాడా అంటే చూపించుకోలేదు. మరి ఎలా తెలిసిందే అంటే..." బావ చేతులు తిప్పాడు. "మీ గేమ్‌లో తెలిసిందట."

నేను లేచి కిందికి వెళ్ళాను. అక్క వంటింట్లో సింకు దగ్గర ఉంది. నా అడుగుల చప్పుడు విని, "మీ బావ మోసేశాడా కబురు?" అంది, తిరగకుండానే.

"అక్కా, నీ చేతులు కాదు."

"నువ్వు ఊరుకో. నాకు తెలియదా? పోయిన నెల దాటిన చోట ఈ నెల యాభైసార్లు పడ్డాను. రాసుకున్నాను కూడా. ఎంత గబగబా నొక్కినా లాభం లేదు. లోపల్నుంచి కబురు వెళ్ళడమే ఆలస్యమవుతోంది."

"నేను మార్చాను."

కుళాయి కట్టేసింది.

"పట్టు మూడు సెకన్లుండేది. రెండు చేశాను. మూడో తారీఖున. చేతొడుగులు కూడా సరిచెయ్యడానికి తియ్యలేదు. విడిగా అమ్మడానికి తీశాం. అవి కొనిపించడానికే పట్టు తగ్గించాం."

బావ గుమ్మంలో నిలబడ్డాడు, లోపలికి రావాలో వద్దో తెలియక.

"నేను అడిగాను" అంది అక్క. "నోరు తెరిచి అడిగాను నిన్ను. ఏమైనా మార్చావా అని."

"అడిగావు."

"లేదన్నావు."

నేను సింకులోని గిన్నెల వైపు చూశాను.

"గేమ్ కష్టం చేస్తే చేసుకో. అది నీ ఉద్యోగం. ఓడిపోతే ఓడిపోతాను, నాకేం నామోషీ? కానీ పదిహేను రోజులు నేనిక్కడ పెసలు ఏరుకుంటూ కూర్చుంటే, నువ్వు పక్కన కూర్చుని టీ తాగి వెళ్ళావు."

"చెప్దామనే అనుకున్నానక్కా, రోజూ—"

"రోజూ అనుకున్నావు." గుడ్డతో చేతులు తుడుచుకుంది, ఒక్కో వేలూ విడివిడిగా. "ఇంకో సంగతి చెప్పనా? నిజంగానే కొంచెం తగ్గాయి నా చేతులు. అది నాకు తెలుస్తోంది. ఎంత తగ్గాయో మాత్రం తెలియదు. అందులో నీది ఎంతో, నా రోగానిది ఎంతో, రెండూ కలిపేసి పెట్టావు. ఇప్పుడు నేను దేన్ని నమ్మను?"

బావ అప్పుడు లోపలికొచ్చాడు. "పైకి వెళ్ళమ్మా" అన్నాడు నాతో. కోపంగా కాదు. కోపంగా అని ఉంటే బాగుండేది.

మార్చి 23, ఆదివారం

కింద తలుపు వేసి ఉంది.

మార్చి 24, సోమవారం

ఆఫీసుకి సెలవు పెట్టి దుకాణానికి వెళ్ళాను. యజమాని అరవై దాటినాయన, ఆయన కళ్ళజోడుకే ఒక కాడ దారంతో కట్టి ఉంటుంది. అక్క లేకపోతే ఆ దుకాణం గతి ఏమిటో అదే చెప్తోంది.

తప్పు నాదని మొదలెట్టాను. గేమ్, సెకన్లు, చేతొడుగులు, అన్నీ చెప్పాను. ఆయనకి సగం కూడా అర్థమైనట్టు లేదు.

"అంటే మీ గడియారం తప్పు నడిస్తే, మీ అక్క తనకి జ్వరమనుకుంది. అంతేనా?"

"అంతేనండీ."

"బాగుందమ్మా." బల్ల మీద వస్తువులు సర్దుతున్నాడు. "ఆవిడ చెప్పగానే నేనూ కాళ్ళావేళ్ళా పడ్డాను. వినలేదు. పొద్దుటి పూటకి మా అల్లుడి చెల్లెల్ని మాట్లాడేశాను, ఇవాళే చేరింది. ఆ పిల్లని పొమ్మనలేను. మధ్యాహ్నం నుంచి కావాలంటే రమ్మనండి. కానీ మీరు అడిగితే కాదు. ఆవిడ అడగాలి. ఆవిడ నోటితో వద్దని వెళ్ళింది కదా."

సాయంత్రం బావకి చెప్పాను. "నేను చెప్తాలే" అన్నాడు. ఆయన కూడా నా మొహం చూడలేదు.

మార్చి 25, మంగళవారం

మెట్ల మీద ఎదురుపడింది. పక్కకి తప్పుకుని దారి ఇచ్చింది. ముప్పై నాలుగేళ్ళలో అక్క నాకు దారి ఇవ్వడం చూళ్ళేదు. ఎప్పుడూ చెయ్యి పట్టుకుని లాక్కుపోయేది.

మార్చి 27, గురువారం

పొద్దున ఎనిమిదింటికి తలుపు తట్టింది. చీర కట్టుకుని, సంచి భుజాన వేసుకుని సిద్ధంగా ఉంది.

"మీ ఆఫీసుకి తీసుకెళ్ళు."

"ఎందుకక్కా?"

"మీ కెప్టెన్ని చూడాలి. కొట్టను, భయపడకు."

ఆఫీసులో అందరూ లేచి నిలబడ్డారు. అక్కని ఎవరూ చూడలేదు గానీ ఆవిడ ఆటని రికార్డింగుల్లో అందరూ చూశారు, మూడేళ్ళుగా. కెప్టెన్ తన కుర్చీ ఇచ్చి తను స్టూలు మీద కూర్చున్నాడు. ఏం జరిగిందో నేను చెప్పాను. చెప్తుంటే ఆయన మొహం పాలిపోయింది.

"ఉద్యోగం మానేశారా అక్కా? అయ్యో. మాకేం తెలుసు?"

"మీకు తెలియదు బాబూ. అందుకే చెప్దామని వచ్చాను."

"కష్టం లేకపోతే గేమ్ ఎవరాడతారు చెప్పండి."

"కష్టం తీసెయ్యమని నేనన్నానా? మూడో కొండ మీద వారం రోజులు పడ్డాను. ఎంత బాగుందో. పడ్డప్పుడల్లా ఎక్కడ తప్పు చేశానో తెలిసేది. నాలుగోదాని మీద తెలియలేదు. నేను పడ్డానా, మీరు తోశారా అన్నది నాకు తెలియాలి. అంతే నేనడిగేది."

కెప్టెన్ బోర్డు వైపు చూసి, "ప్యాక్ వస్తోందని ప్రకటించేశామక్కా. వెనక్కి తీసుకుంటే ఇక్కడున్న పదకొండు మందికీ జీతాలు..." అని నాన్చాడు.

"అమ్ముకోండి. రంగురంగుల బూట్లు అమ్ముకోండి, గొడుగులు అమ్ముకోండి. నేనే కొంటాను, ఆ ఎర్ర గొడుగు నాకిష్టం. కానీ ఎక్కడానికి కావలసింది దాచిపెట్టి, ఎక్కలేకపోతున్నావే అని నా మొహాన అనకండి."

అక్క లేచి కొంగు సర్దుకుంది. బయటికి వచ్చాక కాసేపు కూర్చుంటానంది. మెట్ల దగ్గర కూర్చోబెట్టాను. పక్కన కూర్చోబోతే, "నీ మీద కోపం పోలేదు" అంది.

"తెలుసు."

"తెలిస్తే సరే. కూర్చో."

ఏప్రిల్ 2, బుధవారం

నాలుగు రోజులు వాదించుకున్నాం. చివరికి జిగురు చేతొడుగులు, పొడుగు తాడు, ముళ్ళ బూట్లు గేమ్‌లోకి తిరిగి వచ్చాయి. పట్టు మళ్ళీ మూడు. ప్యాక్‌లో పదిహేనే మిగిలాయి, అన్నీ సోకులకే. పైగా ఆట మొదట్లోనే పట్టు ఎన్ని సెకన్లో రాసి ఉంటుంది. ఎక్కువ కావాలంటే ఎక్కువ, తక్కువ కావాలంటే తక్కువ, ఎవరికి వారు పెట్టుకోవచ్చు. రెండు కూడా ఉంది. కావాలని రెండు పెట్టుకునేవాళ్ళూ ఉంటారు. ఉండనీ.

కెప్టెన్ ఒప్పుకున్నాడు గానీ, "ప్యాక్ పోకపోతే నన్నడక్కు" అన్నాడు. ఇదివరకట్లా నా బల్ల దగ్గరికి టీ పట్టుకుని రావడం లేదు. బావ మాత్రం, "మొత్తానికి మీ గేమ్‌లో ధరలు కాకుండా పిల్లే కొండెక్కుతుందన్నమాట" అన్నాడు. మూడు వారాల తర్వాత వేసిన మొదటి జోకు. నేను అవసరమైనదానికంటే ఎక్కువ నవ్వాను.

అక్క సోమవారం నుంచి దుకాణానికి వెళ్తోంది. మధ్యాహ్నం రెండు నుంచి ఏడు దాకా. తనే వెళ్ళి అడిగింది. పొద్దుటి పూట చేసే పిల్లకి స్క్రూలు బిగించడం నేర్పమన్నాడట యజమాని. "వేళ్ళు బాగున్నాయి, ఓపిక లేదు" అంది అక్క ఆ పిల్ల గురించి. అది కూడా బావతో అంటుంటే మెట్ల మీద నుంచి విన్నాను. నాతో కాదు.

కొత్త వెర్షన్ వాళ్ళ కంప్యూటర్లో ఎక్కించాను. ఆడలేదు.

ఏప్రిల్ 7, సోమవారం

ఆడలేదు. నేను అడగను.

ఏప్రిల్ 10, గురువారం

పొద్దున బావ డిపోకి వెళ్ళాక అక్క పైకి వచ్చింది. "పదింటికి నరాల డాక్టరు. నువ్వు రా" అంది.

ఆస్పత్రి వరండాలో బెంచీ మీద కూర్చున్నాక అంది: "లోపలికెళ్తే నాకు చెవులు పని చెయ్యవు. ఆయన పెదాలు కదలడమే కనిపిస్తుంది. పోయినసారి మీ బావని తీసుకెళ్తే, బయటికొచ్చి 'అంతా బాగానే ఉందన్నాడు' అన్నాడు. ఆయన మొహం చూస్తే తెలిసిపోయింది. ఈసారి నువ్వు విను."

"నేనా?"

"నువ్వే. అబద్ధమాడితే ఏమవుతుందో నీకంటే బాగా ఎవరికి తెలుసు?"

డాక్టరు చిన్న పరికరం ఇచ్చి గట్టిగా నొక్కమన్నాడు. కుడిచేత్తో మూడుసార్లు, ఎడమచేత్తో మూడుసార్లు. సూదితో వేలి కొసలు తాకుతూ తెలుస్తోందా అని అడిగాడు. పాత కాగితాలు తిరగేశాడు. పది నిమిషాలు మాట్లాడాడు. నేను ఈ డైరీ వెనక పేజీలోనే అంతా రాసుకున్నాను. అక్క గోడ మీద బొమ్మ చూస్తూ కూర్చుంది.

బయట బస్టాపులో నీడ ఉన్నచోట నిలబడ్డాం.

"చెప్పు" అంది.

నాకు మొదట నాలుక మీదికి వచ్చింది "కొంచెమేనక్కా" అన్న మాట. మింగేశాను.

"ఎడమ చెయ్యి పోయినసారి ఎంత ఉందో అంతే ఉంది. కుడి చేతి పట్టు పద్దెనిమిది కిలోలుండేది, పదహారైంది. చూపుడువేలు, బొటనవేలు కొసలు మొద్దుబారుతున్నాయి. మాత్ర మారుస్తున్నారు. దానివల్ల ఆగొచ్చు, ఆగకపోవచ్చు. ఇంకా తగ్గితే ఎప్పుడు తగ్గుతుందో చెప్పలేమన్నారు. చిన్న పనులు చెయ్యొచ్చా అని నేనడిగాను. చెయ్యగలిగినన్నాళ్ళు చెయ్యమన్నారు."

"ఎన్నాళ్ళు చెయ్యగలనన్నాడు?"

"అడిగాను. తెలియదన్నారు."

"ఏడాదా, రెండేళ్ళా?"

"తెలియదన్నారక్కా. నేను రెండుసార్లు అడిగాను."

అక్క తల ఊపింది. రోడ్డు అవతల ఎవరో షట్టరు ఎత్తుతుంటే అటే చూస్తూ నిలబడింది. కళ్ళు నిండాయి గానీ తుడుచుకోలేదు.

"పదహారు" అంది.

"పదహారు."

"సరే. పద, రెండింటికి దుకాణంలో ఉండాలి."

సంచిలోంచి నీళ్ళ సీసా తీసింది. మూత మీద చెయ్యి వేసి ఒకసారి తిప్పింది. ఈ రెండేళ్ళలో మూత రాకపోతే దాహం లేదనేది, లేకపోతే పళ్ళతో లాగేది, ఎవరైనా చెయ్యి చాపితే కసురుకునేది. ఇవాళ సీసా నా ముందుకి చాపింది.

"తియ్యి" అంది.